ఒకే ఫ్యూజు మీద ఫ్రిజ్, మిక్సీ, ఇండక్షన్ స్టవ్: వంటింటి కరెంటు లెక్క సరిగ్గా చూసుకోవడం ఎలా?

"వంటింట్లో పవర్ ప్లగ్ ఒక్కటే ఉంది. ఫ్రిజ్, మిక్సీ, రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ అన్నీ దాని మీదే నడుపుకోవచ్చా?" అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నడుపుకోవచ్చు, కానీ అన్నీ ఒకేసారి కాదు. ఏవి కలిపి వేయొచ్చు, ఏవి కలపకూడదు అన్నది మాత్రం అంచనాతో కాకుండా లెక్కతో తేల్చుకోవాలి. ఒక ఆదివారం పొద్దున గంటసేపు కూర్చుంటే ఆ లెక్క తేలిపోతుంది.

మన దగ్గర మామూలుగా కనిపించే ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కనెక్షన్, వంటింటి మొత్తానికి ఒక 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయి లైను ఆపే స్విచ్), లేదంటే పాతకాలపు పింగాణీ ఫ్యూజు. లెక్క వేయడం, పేర్లు రాసి అతికించడం, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎంచుకోవడం మీరు చేయాల్సిన పనులు. స్విచ్‌బోర్డు విప్పడం, వైరు మార్చడం మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

1. ఫ్యూజు కాపాడేది గోడలోని వైరునే

ఫ్యూజు ఉన్నది మిక్సీ కాలిపోకుండా చూడటానికని చాలామంది అనుకుంటారు. అది చూసుకునేది గోడ లోపలి వైరును. ఆ వైరులో మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితే అది వేడెక్కుతుంది, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల సెల్సియస్ వరకే ఓర్చుకుంటుంది. అక్కడిదాకా పోకముందే దారి తెంపేయడం ఫ్యూజు పని.

దీన్నిబట్టి రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, మీ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఉన్న సన్నటి వైరు సంగతి గోడ ఫ్యూజుకు తెలియదు. 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో 12 ఆంపియర్లు మామూలు విషయం. 6 ఆంపియర్ల బాక్స్‌కు అది రెట్టింపు బరువు. బాక్స్ కరిగిపోతున్నా గోడలోని ఎంసీబీ కదలదు.

రెండోది, హద్దు దాటిన క్షణంలోనే ఎంసీబీ పడిపోదు. 16 ఆంపియర్ల ఎంసీబీ మీద 18 ఆంపియర్లు గంటసేపు పారినా అది పడకపోవచ్చు. 23 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడాలన్నది దాని తయారీ ప్రమాణం. పింగాణీ ఫ్యూజు ఇంకా మొద్దు, రాసి ఉన్న అంకెకు దాదాపు రెట్టింపు కరెంటు పారితేగానీ కరగదు. అందుకే "ఎంసీబీ పడలేదు కదా, ఏమీ కాదులే" అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు.

కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. లెక్క ఎందుకు వేయాలో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్
- టార్చిలైటు (ఫ్రిజ్ వెనక లేబుల్ చదవడానికి తప్పనిసరి)
- ఒక చిన్న టేబుల్ లైటు, లేదా పని చేస్తుందని తెలిసిన ఫోన్ చార్జర్
- అతికించే కాగితం ముక్కలు
- పొడి చెప్పులు, పొడి చేతులు

కుదిరితే ప్లగ్‌లో పెట్టే చిన్న వాట్ మీటర్ కొనుక్కోండి. ఏ వస్తువు నిజంగా ఎంత తీసుకుంటోందో అదే చూపిస్తుంది. లేకపోయినా ఫర్వాలేదు, లేబుళ్లతో పని నడుస్తుంది.

3. ఏ ప్లగ్ ఏ ఫ్యూజు మీద ఉందో కనుక్కోండి

ఈ పని ఎవరూ చేయరు, నిజానికి మొదట చేయాల్సింది ఇదే. వంటింటి ప్లగ్‌లు వేరు, హాలు ప్లగ్‌లు వేరు అని మనం అనుకుంటాం. వైరింగ్ చేసినవాళ్లు అలాగే అనుకోవాలని లేదు. నేను ఇంతకుముందు ఉన్న ఇంట్లో వంటింటి పవర్ ప్లగ్, బాల్కనీలో వాషింగ్ మెషీన్ ప్లగ్ ఒకే ఎంసీబీ మీద ఉండేవి. బట్టలు వేసిన రోజే కరెంటు ఎందుకు పోతోందో తెలుసుకోవడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

1. ఫ్రిజ్, కంప్యూటర్ వంటివి ముందు స్విచ్ ఆపేయండి.
2. డీబీలో (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) ఒక్క ఎంసీబీని కిందికి దించండి. పాత బోర్డయితే మెయిన్ ఆపి, ఒక్క ఫ్యూజును బయటికి లాగి, మళ్లీ మెయిన్ వేయండి. ఫ్యూజు తీసిన ఖాళీలో వేలు పెట్టకండి, అక్కడ కరెంటు ఉంటుంది.
3. టేబుల్ లైటు పట్టుకుని ఇంట్లో ప్రతి ప్లగ్ దగ్గరికీ వెళ్లండి. వెలగని ప్లగ్‌లన్నీ ఆ ఎంసీబీవే.
4. రాసుకోండి: "3వ ఎంసీబీ: స్టవ్ పక్క పవర్ ప్లగ్, ఫ్రిజ్ ప్లగ్, బాల్కనీ ప్లగ్."
5. తిరిగి వేసి, తర్వాతి దాని దగ్గరికి వెళ్లండి.

ఆ కాగితాన్ని డీబీ మూత లోపలివైపు అతికించండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చించేయకండి, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

4. మీ హద్దు ఎంతో తేల్చండి

వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. నోటిలెక్కకు వెయ్యి వాట్లంటే నాలుగున్నర ఆంపియర్లనుకోండి. కాస్త ఎక్కువే వేసుకున్నట్టవుతుంది కాబట్టి నష్టం లేదు.

- చిన్న ప్లగ్, 6 ఆంపియర్లు: 1,380 వాట్లు
- పెద్ద పవర్ ప్లగ్, 16 ఆంపియర్లు: 3,680 వాట్లు

ఇవి చివరి హద్దులు. రోజూ గంటల తరబడి నడిపేటప్పుడు ఎనభై శాతం దగ్గర ఆగడం మంచిది. అంటే చిన్న ప్లగ్ మీద సుమారు 1,100 వాట్లు, 16 ఆంపియర్ల లైను మొత్తం మీద సుమారు 2,950 వాట్లు.

ఇక్కడ చాలామంది తడబడతారు. హద్దులు ఒక్కటి కాదు, మూడు. గోడలోని లైనుది ఒకటి, ప్లగ్ పాయింట్‌ది ఒకటి, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ది ఒకటి. మూడింటిలో ఏది తక్కువైతే మీకు అదే హద్దు. ప్లగ్ పక్కనుండే స్విచ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. 6 ఆంపియర్ల స్విచ్ మీద కెటిల్ నడిపితే ముందు కాలేది ఆ స్విచ్ లోపలి ముక్కే.

పాత ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. కొన్నిచోట్ల ఇంకా అల్యూమినియం వైరే ఉంది. అంతే మందం ఉన్న రాగి వైరు కంటే అది తక్కువ కరెంటు మోస్తుంది, కలిపిన చోట్ల త్వరగా వదులవుతుంది. అలాంటి ఇంట్లో ఈ లెక్కలేవీ పెట్టుకోకుండా ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

5. వస్తువుల జాబితా రాయండి

లేబుల్ చూసి రాయడమే సరైన పద్ధతి. దొరకకపోతే మన వంటిళ్లలో మామూలుగా ఉండే అంకెలు ఇవి:

- ఫ్రిజ్: 150 నుంచి 250 వాట్లు
- వాటర్ ప్యూరిఫయర్: సుమారు 50
- మిక్సీ: 500 నుంచి 750
- తడి గ్రైండర్: సుమారు 150
- రైస్ కుక్కర్: 500 నుంచి 700
- మైక్రోవేవ్: సుమారు 1,200
- కెటిల్: 1,500
- ఇండక్షన్ స్టవ్: 1,800 నుంచి 2,000
- నీళ్ల హీటర్ రాడ్: 1,000 నుంచి 1,500
- ఇస్త్రీ పెట్టె: 750 నుంచి 1,000

లేబుల్ చదివేటప్పుడు రెండుచోట్ల మోసపోతాం. మైక్రోవేవ్ మీద పెద్ద అక్షరాల్లో 800 వాట్లని ఉంటే, అది గిన్నెలోని అన్నానికి అందే శక్తి. గోడ నుంచి అది లాక్కునేది 1,200 దాకా ఉంటుంది. వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న ఇన్‌పుట్ అంకె రాసుకోండి.

రెండోది ఇండక్షన్ స్టవ్. సెట్టింగ్ 400 వాట్లకు తగ్గించాం కదా, అంతే తీసుకుంటుందనుకుంటాం. చాలా స్టవ్‌లు తక్కువ సెట్టింగ్‌లో ఎక్కువ మంటను కాసేపు వేసి, కాసేపు ఆపుతూ సగటు తెస్తాయి. వేసినప్పుడల్లా వెయ్యి వాట్ల దాకా లాగుతాయి. కాబట్టి సన్న సెగ మీద పాలు కాస్తున్నా కాగితం మీద వెయ్యి అని రాయండి.

ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అది క్షణకాలమే కాబట్టి ఫ్యూజుకు ఇబ్బంది లేదు. ఆ క్షణంలో లైటు కాస్త మినుకుమంటే కంగారు పడక్కర్లేదు. ఊరికే మినుకుతూ ఉంటే మాత్రం ఎక్కడో వైరు వదులుగా ఉందని అర్థం.

6. ఏది దేనితో కలపాలి?

జాబితాను రెండుగా విడదీయండి. ఎప్పుడూ నడిచేవి ఒకవైపు, మనం వేస్తేనే నడిచేవి రెండోవైపు. ఫ్రిజ్ 200, ప్యూరిఫయర్ 50 అనుకుంటే 250 వాట్లు ఎప్పుడూ పక్కన పెట్టాల్సిందే. 2,950లో అది తీసేస్తే 2,700 మిగిలింది. మీ చేతిలో ఉన్న బడ్జెట్ ఇదే.

పొద్దున్న ఏడు గంటలకు క్యారేజీల హడావుడి చూద్దాం. ఇండక్షన్ మీద కూర 2,000. రైస్ కుక్కర్‌లో అన్నం 700. మొత్తం 2,700, ఖచ్చితంగా అంచు మీద ఉన్నాం. ఇప్పుడు చట్నీ కోసం మిక్సీ వేశారు, 750. ఫ్రిజ్, ప్యూరిఫయర్‌తో కలిపి 3,700 వాట్లు, అంటే 16 ఆంపియర్లు దాటింది. ఎంసీబీ పడదు. చట్నీ రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి వైరుకూ పెద్దగా ఏమీ కాదు. కానీ అదే సమయానికి ఇంకొకరు వచ్చి టీ కోసం కెటిల్ వేస్తే 5,200 వాట్లు, ఇరవై రెండున్నర ఆంపియర్లు. ఇది ప్రమాదం. ఎంసీబీ పడటానికి అప్పుడు కూడా చాలాసేపు పట్టొచ్చు.

వంటింట్లో పాటించాల్సిన సూత్రం ఒక్కటే: వేడి పుట్టించే పెద్దవి ఒకదాని తర్వాత ఒకటి. తిరిగేవి, చల్లబరిచేవి, వెలిగేవి పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఇండక్షన్, కెటిల్, మైక్రోవేవ్, హీటర్ రాడ్, ఇస్త్రీ పెట్టె, వీటిలో ఏ రెండూ ఒకే లైను మీద కలవకూడదు. రైస్ కుక్కర్ కాస్త చిన్నది కాబట్టి వీటిలో ఒకదానితో సర్దుకుంటుంది.

పై అంకెల ప్రకారం 16 ఆంపియర్ల లైను మీద, ఫ్రిజ్, ప్యూరిఫయర్ నడుస్తుండగా:

- ఇండక్షన్ + రైస్ కుక్కర్: సరిపోతుంది, ఇంకేమీ వేయకండి
- మైక్రోవేవ్ + రైస్ కుక్కర్ + మిక్సీ: సరిపోతుంది
- కెటిల్ + రైస్ కుక్కర్ + గ్రైండర్: సరిపోతుంది
- ఇండక్షన్ + కెటిల్: వద్దు
- ఇండక్షన్ + మైక్రోవేవ్: వద్దు
- హీటర్ రాడ్ + ఇండక్షన్: అసలే వద్దు

అన్నం ఉడికి కుక్కర్ వార్మ్‌లోకి పోయాక అది తీసుకునేది చాలా తక్కువ, అప్పుడు మిక్సీ వేసుకోవచ్చు. అంటే అన్నం ముందు, చట్నీ తర్వాత. రెండూ కలిపి చేయాల్సి వస్తే స్టవ్‌ను 1,200కు తగ్గించండి. పండగ రోజు పిండివంటలకు ఇండక్షన్ గంటల తరబడి నడిచేటప్పుడు కెటిల్‌ను అల్మరాలో పెట్టేయడం మేలు. చుట్టాలు వచ్చినప్పుడు ఎవరు ఎప్పుడు ఏ స్విచ్ వేస్తారో మన చేతిలో ఉండదు.

7. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎంచుకోవడం, పెట్టడం

నేను చూసిన కాలిన ప్లగ్‌లలో ఎక్కువ శాతం ఇక్కడివే. కాబట్టి ఈ భాగం నెమ్మదిగా చదవండి.

బాక్స్‌లో ఎన్ని రంధ్రాలున్నాయన్నది ముఖ్యం కాదు. ఎనిమిది సాకెట్లున్నా గోడలోకి వెళ్లే ప్లగ్ ఒక్కటే, వైరు ఒక్కటే. ఆ ప్లగ్ చిన్న మూడు పిన్నులదైతే ఎనిమిదింటికీ కలిపి 6 ఆంపియర్లే.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- వైరు మీద మందం అచ్చయి ఉండాలి. 0.75 స్క్వేర్ ఎంఎం అయితే సుమారు 6, 7 ఆంపియర్లకు, 1.5 అయితే సుమారు 14 ఆంపియర్లకు సరిపోతుంది. మందం రాసి లేని వైరు ఎంత లావుగా కనిపించినా కొనకండి. లావు ప్లాస్టిక్‌ది కావచ్చు.
- మూడు వైర్లు ఉండాలి. ఎర్త్ పిన్ ఉండి లోపల ఎర్త్ వైరు లేని బాక్స్‌లు దొరుకుతుంటాయి.
- ఐఎస్ఐ గుర్తు ఉండాలి.
- లోడు ఎక్కువైతే బయటికి వచ్చి, నొక్కితే మళ్లీ లోపలికి పోయే చిన్న ఓవర్‌లోడ్ బటన్, లేదా ఫ్యూజు ఉంటే మంచిది. గోడ ఎంసీబీ చూడలేని సన్న వైరును కాపాడేది అదే.

పెట్టేటప్పుడు:

1. సింక్‌కూ స్టవ్‌కూ దూరంగా, నేల మీద కాకుండా గోడకు తగిలించండి. వంటింటి నేల రోజూ తడుస్తుంది.
2. వైరును చుట్ట చుట్టి వదిలేయకండి. చుట్టలో పుట్టిన వేడి బయటికి పోదు. మిగిలిన వైరును వదులుగా పరిచేయండి.
3. కార్పెట్ కింద, తలుపు సందులో నుంచి లాగకండి.
4. బాక్స్‌లో ఇంకో బాక్స్ పెట్టకండి.
5. ఫ్రిజ్, ఇండక్షన్, గీజర్, ఏసీ ఎక్స్‌టెన్షన్ మీద వద్దు. నేరుగా గోడ ప్లగ్ లోనే పెట్టండి. బాక్స్ మీదికి ప్యూరిఫయర్, మిక్సీ, గ్రైండర్ వంటివి పంపండి.

ఇక కన్వర్టర్ ప్లగ్ గురించి. పెద్ద ప్లగ్‌ను చిన్న సాకెట్‌లో పెట్టడానికి ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఆ తెల్లటి ముక్క. కంపెనీవాళ్లు పెద్ద ప్లగ్ ఇచ్చిందే అది చిన్న సాకెట్‌లోకి పోకుండా ఉండాలని. మనం వెతికి మరీ దారి చూపిస్తున్నాం. ఫ్రిజ్‌కు తప్పనిసరైతే వాడొచ్చేమో, ఎందుకంటే దాని ప్లగ్ పెద్దదైనా తీసుకునేది ఒక ఆంపియర్. ఇండక్షన్‌కు, హీటర్ రాడ్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

8. మొదటి రోజు పరీక్ష

లెక్క కాగితం మీద సరిపోయినా చేత్తో చూసుకోవాలి. లోపల స్క్రూ వదులుగా ఉంటే 8 ఆంపియర్లకే ప్లగ్ కాలుతుంది, దాన్ని ఏ లెక్కా పట్టుకోలేదు.

మీ జాబితాలో "సరిపోతుంది" అన్న వాటిలో పెద్ద జతను వేసి, అరగంట నడపండి. పక్కనే ఉండండి. తర్వాత:

- ప్లగ్ ప్లాస్టిక్‌ను చేతి వెనకభాగంతో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు ఆనించలేనంత వేడి ఉంటే ఆ ప్లగ్ వాడటం ఆపండి.
- ఎక్స్‌టెన్షన్ వైరును పొడవునా తడమండి. ఒక్కచోటే వేడిగా ఉంటే అక్కడ పోగులు తెగాయి.
- డీబీ మూత దగ్గర చెవి పెట్టండి. చిరచిరమనే చప్పుడు రాకూడదు.
- చేపల కంపులాంటి వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే మెయిన్ ఆపేయండి.
- స్విచ్ ఆపి ప్లగ్ తీసి, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే ఆ సాకెట్ మార్చాల్సిందే. తుడిస్తే పోయేది కాదది.

ఈ పరీక్షను వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి మళ్లీ చేయండి. వానల్లో గోడ చెమ్మగిల్లి స్విచ్‌బోర్డులోకి తేమ చేరుతుంది. బల్లులు, చీమలు దూరేదీ అప్పుడే.

9. ఫ్యూజు పోతే ఏ వరుసలో చూడాలి?

1. ఆ లైను మీద ఉన్న వస్తువులన్నిటి ప్లగ్‌లు తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు.
2. ఏమేం నడుస్తుండగా పోయిందో వెంటనే రాయండి. పది నిమిషాలైతే గుర్తుండదు.
3. ఎంసీబీని పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి వేయండి. ఖాళీ లైను మీదే మళ్లీ పడిపోతే తప్పు గోడలో ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి.
4. నిలబడితే ఒక్కో వస్తువూ పెట్టండి. ఒక్కటి పెట్టగానే పడితే ఆ వస్తువులో షార్ట్ ఉంది.
5. అన్నీ పెట్టి, కాసేపయ్యాక పడితే అది ఎక్కువ లోడు. 6వ భాగం జాబితా మళ్లీ తీయండి.
6. పడింది ఎంసీబీ కాకుండా ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి కారితే లైను ఆపే స్విచ్) అయితే అది లోడు వల్ల కాదు. ఎక్కడో కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది. ఇళ్లలో పెట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనిషిని షాక్ నుంచి కాపాడటానికి ఉన్నది. దాన్ని పక్కకు తప్పించి కరెంటు ఇవ్వమని ఎవరినీ అడగకండి.

పింగాణీ ఫ్యూజైతే (ఎలక్ట్రీషియన్లు కిట్‌క్యాట్ అంటారు) మెయిన్ ఆపాకే లాగాలి. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందని చూసుకుని, అప్పుడు ఇక్కడ పరీక్షించండి. పాడైన టెస్టర్ "కరెంటు లేదు" అనే చెబుతుంది. కరిగిన తీగ ముక్కలన్నీ తీసి, అంతే ఆంపియర్ల ఫ్యూజు తీగ కొత్తది వేయండి. 5 ఆంపియర్ల తీగ 0.2 మిల్లీమీటర్లు, 15 ఆంపియర్లది 0.5 మిల్లీమీటర్లు. మరీ బిగించి లాగకండి, సాగిన తీగ సన్నబడి ఊరికే తెగుతుంది. మీటరు దగ్గర సీలు వేసిన భాగంలోగానీ, స్తంభం మీదగానీ పోతే మీరు ముట్టుకోవద్దు, 1912కు ఫోన్ చేయండి.

10. తరచూ చేసే తప్పులు, వాటికి విరుగుడు

ఫ్యూజు ఊరికే పోతోందని లావు తీగ వేయడం. అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే. ఒక అద్దె ఇంట్లో దిగిన వారానికి ఫ్యూజు తీసి చూస్తే, మామూలు వైరులోంచి పీకిన రాగి పోగులు నాలుగు మెలిపెట్టి ఉన్నాయి. వచ్చిన ఎలక్ట్రీషియన్ పెద్దాయన చూసి, "ఇది ఫ్యూజు కాదు బాబూ, మేకు కొట్టినట్టే. ఇల్లు కాలినా ఇది పోదు" అన్నాడు. గోడలోని వైరే అక్కడ ఫ్యూజు అయిపోయింది. విరుగుడు: సరైన తీగ వేయించండి, వీలైతే ఆ బోర్డును ఎంసీబీలకు మార్పించమని ఓనర్ గారిని అడగండి. 16 ఎంసీబీ పడుతోందని 32 వేయించడం కూడా ఇదే తప్పుకు కొత్త రూపం.

ప్లగ్ లేకుండా వైర్లు రంధ్రాల్లో గుచ్చి అగ్గిపుల్లలు పెట్టడం. దీనికి విరుగుడు ఒక ప్లగ్ కొనడమే.

ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, లేదా రెండు పిన్నుల మార్పిడి ముక్క వాడటం. ఫ్రిజ్, గ్రైండర్, ఇండక్షన్, హీటర్ రాడ్‌లకు ఎర్త్ లేకపోతే బాడీకి కరెంటు వచ్చినా ఫ్యూజుకు తెలియదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటోందంటే, చెప్పులు వేసుకుని తెరవడం పరిష్కారం కాదు. ఎర్తింగ్ చూపించాలి.

ఇన్వర్టర్ లైను మీద మిక్సీ, కుక్కర్. 850, 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది సుమారు 700 వాట్లు. ఫ్యాన్లు, లైట్లు ఇప్పటికే దాని మీదున్నాయి.

బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి వంటింటి ప్లగ్‌కు కలిపి, పక్కనే వంట చేయడం. లోడు లెక్క ఒకటి, తడి నేల ఇంకొకటి. చలికాలం పొద్దున్న రాడ్ వేసినంతసేపు ఇండక్షన్ వద్దు. నీళ్లు వేడెక్కాయో లేదో చూడటానికి వేలు పెట్టే ముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ కూడా తీయండి.

మంట వస్తే నీళ్లు పోయడం. ముందు మెయిన్ ఆపాలి. తర్వాత పొడి ఇసుక, లేదా డ్రై పౌడర్ సిలిండర్. అదుపులోకి రాకపోతే బయటికి వచ్చి 101కు ఫోన్ చేయండి. ఎవరికైనా షాక్ కొడుతుంటే చేత్తో పట్టుకుని లాగకండి. మెయిన్ ఆపండి, కుదరకపోతే పొడి కర్రతో తప్పించి, 108కి చెప్పండి.

11. పరాయి దేశంలో ఉన్నవాళ్లకు

పద్ధతి ఇదే, అంకెలు మారతాయి. బ్రిటన్‌లో ప్లగ్ లోపలే చిన్న ఫ్యూజు ఉంటుంది, పెద్దది 13 ఆంపియర్లు. నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ తెచ్చినా మొత్తం మీద 3,000 వాట్లు దాటకూడదు. అక్కడి కెటిల్ ఒక్కటే దాదాపు అంత తీసుకుంటుంది. కాబట్టి నలుగురు పిల్లలు కలిసి ఉండే ఇంట్లో కెటిల్, రైస్ కుక్కర్ ఒకే బాక్స్ మీద పెట్టకూడదు.

అమెరికాలో 120 వోల్టులు. 15 ఆంపియర్ల బ్రేకర్ అంటే 1,800 వాట్లే, ఎనభై శాతం 1,440. మైక్రోవేవ్ వేసి ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ వేస్తే బ్రేకర్ పడేది అందుకే. ఇక్కడి నుంచి మిక్సీ తీసుకెళ్లేవాళ్లు 110 వోల్టుల రకమే కొనండి.

12. లెక్క ఎంతకీ సరిపోకపోతే

గ్యాస్ తగ్గించి ఇండక్షన్ మీదే వంట చేయాలనుకుంటే, రోజూ కూడికలు తీసివేతలతో బతకడం కష్టం. వేరే లైను వేయించండి. ఎలక్ట్రీషియన్‌కు చెప్పాల్సినవి:

- ఇండక్షన్‌కు డీబీ నుంచి నేరుగా, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా లైను కావాలి
- 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ (గీజర్‌కో, ఏసీకో అయితే 4 స్క్వేర్ ఎంఎం)
- ఎర్త్ వైరు తప్పక లాగాలి, పని అయ్యాక ఎర్త్ పనిచేస్తోందని టెస్ట్ ల్యాంప్‌తో చూపించాలి
- డీబీలో ఆర్‌సీసీబీ లేకపోతే ఒకటి పెట్టాలి

అద్దె ఇంట్లో ఈ ఖర్చు ఎవరిదన్న గొడవ మామూలే. పాడైన సాకెట్, లావు ఫ్యూజు తీగ, లేని ఎర్త్, ఇవి ఓనరు బాధ్యత అని నేను గట్టిగానే చెబుతాను. ఇండక్షన్ కోసం కొత్త లైను మీ అవసరం, కాబట్టి మాట్లాడి పంచుకోండి.

కొత్త లైను వేయించే ముందు కరెంటు బిల్లు ఒకసారి చూడండి. కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది, అంటే మీ కనెక్షన్‌కు ఒప్పుకున్న లోడు. ఒక కిలోవాట్ అని ఉన్న ఇంట్లో రెండు కిలోవాట్ల స్టవ్, గీజర్, ఏసీ నడుస్తుంటాయి. పక్కనే ఆర్‌ఎండీ అని కనిపిస్తే, మీరు నిజంగా వాడిన గరిష్ఠ లోడు అదే. రెండింటికీ చాలా తేడా ఉంటే అదనపు లోడుకు డిస్కమ్‌లో (కరెంటు సరఫరా చేసే సంస్థ) దరఖాస్తు చేయించండి. కనెక్షన్ ఓనరు పేరు మీద ఉంటుంది కాబట్టి ఆయన సంతకం కావాలి.

లైను వచ్చిన రోజు 3వ భాగంలోని టేబుల్ లైటు పరీక్ష మళ్లీ చేసి, డీబీ మూత లోపలి పాత కాగితం తీసేసి కొత్తది అతికించండి. ఆ తర్వాత కొత్త ప్లగ్ మీద 8వ భాగంలో చెప్పిన అరగంట పరీక్ష, ఎలక్ట్రీషియన్ ఇంకా ఇంట్లో ఉండగానే.